పండుగ లేని ఇల్లు

రాయచూరు జిల్లాకు ఉత్తరాన కృష్ణానది, దక్షిణాన తుంగభద్ర ఎల్లలుగా ఉన్నాయి. ఈ రెండు నదుల నడుమ నేలలో కన్నడం, తెలుగు, ఉర్దూ మూడూ ఒకే వీధిలో వినబడతాయి. 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రంలో చేరేవరకు ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. ఇక్కడి తెలుగువారిలో కొందరు తరతరాలుగా ఈ నేలను నమ్ముకొని ఉన్నవారు. మరికొందరు 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయిన తరువాత, ఎడమ కాలువ నీటిని చూసి కోస్తా జిల్లాల నుండి బండ్లు కట్టుకొని వచ్చినవారు. సింధనూరు, మాన్వి ప్రాంతాలలో వారు కట్టుకొన్న పల్లెలను నేటికీ 'క్యాంపులు' అనే పిలుస్తారు.

ఇన్ని రకాల జనం ఉన్నచోట పండుగలకు కొదవ ఉండదు. ఉగాది నాడు బక్షాలు, కార హుణ్ణిమె నాడు ఎద్దులకు రంగులు, పీర్ల పండుగకు మలీద ముద్దలు, దసరాకు బన్ని ఆకు, దీపావళికి దీపాలు, సంక్రాంతికి సజ్జరొట్టె, నువ్వులు, క్రిస్మస్‌కు నక్షత్రపు దీపం. పంచాంగం నిండుగానే ఉంటుంది. అయితే ప్రతి పండుగ నాడూ ఊరిలో ఏదో ఒక ఇంటి గడపకు మామిడాకులు ఉండవు. ఆ ఇంటి ముందు ముగ్గు ఉండదు. పొయ్యి మీద మూకుడు ఎక్కదు. "వాళ్లకు ఈ ఏడు పండుగ లేదు" అని ఇరుగుపొరుగులు మెల్లగా చెప్పుకొంటారు.

అలాంటి ఒక ఇంటిని ఊహించుకొందాం. ఆ ఇంటిలో మాఘమాసంలో తండ్రి చనిపోయాడు. ఎనిమిదవ తరగతి చదివే కూతురు, ఆమె తమ్ముడు, తల్లి, అవ్వ మిగిలారు. చైత్రంలో ఉగాది వచ్చింది. పండుగ మరునాడు బడిలో పిల్లలందరూ కొత్త బట్టలతో వచ్చారు. ఆ అమ్మాయి మాత్రం రోజూ వేసుకొనే బట్టలతోనే వచ్చింది. "మీ ఇంట్లో ఏం చేశారే?" అని పక్క పిల్ల అడిగింది. "ఏమీ లేదు" అని ఈమె తల వంచుకొంది. అడిగిన పిల్ల చెడ్డది కాదు. ఆమెకు సంగతి తెలియదు, అంతే. కాని ఆ ఒక్క ప్రశ్నతో ఆ రోజు పాఠాలేవీ ఈ అమ్మాయి చెవికి ఎక్కలేదు.

దుఃఖం మామూలు రోజున ఒక రకంగా ఉంటుంది, పండుగ రోజున మరొక రకంగా ఉంటుంది. మామూలు రోజున పొలం, బడి, నీళ్లు, వంట అని పనులు మనిషిని లాక్కుపోతాయి. పండుగ రోజున ప్రతి పనికీ ఒక మనిషి నియమమై ఉంటాడు. మామిడాకులు తెచ్చేది తండ్రి. వేపపూవు దులిపేది అవ్వ. సంతలో బేరమాడి బట్టలు కొనేది తల్లి. ఆ మనిషి లేకపోతే ఆ పని బోసిగా కనబడుతుంది. పోయినవారు మామూలు రోజున ఇంట్లో లేరు. పండుగ రోజున లేరని మళ్లీ ఒకసారి తెలుస్తుంది. దీనికి తోడు వీధిలోని సంబరం. వీధి అంతా నవ్వుతున్నప్పుడు ఏడవడానికి కూడా మొగమాటంగా ఉంటుంది.

పూర్వులకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే చావు జరిగిన ఇంటికి ఏడాదిపాటు పండుగ లేదన్నారు. దీనిని ఏటిసూతకం అంటారు. ఒక్కొక్క కులంలో, ఒక్కొక్క ఊరిలో లెక్క వేరుగా ఉంటుంది. కొందరు సంవత్సరీకం వరకు పాటిస్తారు. కొందరు మూడు నెలలతో ముగిస్తారు. కొందరికి కొత్త ఉగాది వస్తే చాలు. ఇది శిక్ష వంటిదని కొందరు అనుకొంటారు. జాగ్రత్తగా చూస్తే ఇది సెలవు వంటిది. నవ్వాలనిపించని ఇంటిని నవ్వమని ఎవరూ బలవంతం చేయకూడదని ఊరంతా ఒప్పుకొన్న సెలవు.

అయితే ఆ ఇంటివారు పండుగ చేయకూడదు గాని, వారి పిల్లలు పస్తు ఉండనక్కరలేదు. మూకుడు పెట్టని ఇంటికి ఇరుగుపొరుగులు పిండివంటలు పంపుతారు. "అక్కా, మా ఇంట్లో చేసినవే, పిల్లలకు పెట్టు" అని గిన్నె గడపలో ఉంచి వెళ్తారు. ఎక్కువ మాట్లాడరు, ఓదార్పు మాటలు వెతుక్కోరు. పైన చెప్పిన ఇంటికి ఉగాది నాడు మూడు గిన్నెలు వచ్చాయనుకొందాం. తమ్ముడు చిన్నవాడు, కడుపునిండా తిన్నాడు. అవ్వ ఒక్క ముక్క నోట పెట్టుకొని, "నా కొడుక్కి పూర్ణం ఎక్కువ ఉంటే ఇష్టం" అంది. రెండు నెలలుగా ఆమె నోట కొడుకు మాట రావడం అదే మొదలు.

తెలుగువారి పంచాంగంలో ఒక విశేషం ఉంది. దసరా నవరాత్రులు ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి నాడు మొదలవుతాయి. దానికి ముందురోజు మహాలయ అమావాస్య, అంటే పెద్దల అమావాస్య. తెలంగాణ పల్లెలలో దీనిని పెత్రమాస అంటారు. భాద్రపద బహుళ పక్షమంతా పితృపక్షం. ఆ పదిహేను రోజులు పోయినవారికి. వారిని తలచుకొని, వారి పేరిట బియ్యం, కూరగాయలు దానమిచ్చి, అన్నం పెట్టిన తరువాతే పండుగ మొదలు. తెలంగాణలో బతుకమ్మ తొలిరోజు కూడా ఆ అమావాస్యే. ఉదయం పెద్దలకు పెట్టుకొన్న చేతులతోనే సాయంత్రం పూలు పేరుస్తారు. సంతోషానికి ముందు దుఃఖానికి చోటు చూపించాలని ఎవరు ఎప్పుడు ఆలోచించారో గాని, మంచి ఏర్పాటే చేశారు.

దీపావళిలోనూ ఈ జాడ ఉంది. మహాలయానికి వచ్చిన పితృదేవతలు తిరిగి వెళ్లే వేళ వారికి దారి చూపడానికి దివిటీలు ఎత్తిపట్టాలని పాత ఆచారం. దానిని ఉల్కాదానం అన్నారు. కోస్తా జిల్లాలలో పిల్లలు దీపావళి సాయంత్రం గోగుకట్టెలకు గుడ్డపేలికలు చుట్టి, వెలిగించి తిప్పడం ఆ ఆచారపు నీడే. ఆ జిల్లాలవారు సంక్రాంతి నాడు పెద్దలకు కొత్త బట్టలు పెట్టి మొక్కిన తరువాతే తాము కట్టుకొంటారు. క్యాంపులలోని పెద్దలు ఈ అలవాటును వెంట తెచ్చుకొన్నారు. తాతల సమాధులు కృష్ణా గోదావరి తీరాలలో ఉండిపోయినా, తాతల పేరిట పెట్టే పంచె మాత్రం తుంగభద్ర కాలువ పక్కనే పెడుతున్నారు.

ఈ ఆలోచన మన దేశానికే పరిమితం కాదు. అమెరికా ఖండంలోని మెక్సికో దేశంలో నవంబరు 1, 2 తేదీలు పోయినవారి పండుగ. ఆ రోజులలో ఇంట్లో ఒక బల్ల మీద పోయినవారి ఫోటో ఉంచి, వారికి ఇష్టమైన వంటలు పెట్టి, బంతిపూలతో అలంకరిస్తారు. పూల వాసన పట్టుకొని వారు ఇల్లు చేరుతారని నమ్మకం. మన పండుగ గుమ్మాలకు కట్టే బంతిపూవు కూడా ఆ దేశం నుండి వచ్చినదే. జపానులో ఓబోన్ అనే పండుగకు పెద్దలను ఇంటికి పిలిచి, చివరి రోజున కాగితపు దీపాలను నీటిలో వదలి సాగనంపుతారు. క్రైస్తవ దేశాలలో కొన్ని చర్చిలు డిసెంబరు 21 ప్రాంతంలో, సంవత్సరంలో అతి దీర్ఘమైన రాత్రి నాడు, ఆ ఏడు ఆప్తులను పోగొట్టుకొన్నవారి కోసం వేరుగా ప్రార్థన జరుపుతాయి. క్రిస్మస్ పాటలు పాడలేనివారు ఆ రాత్రి వచ్చి కూర్చుంటారు.

రాయచూరు జిల్లావారికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ ఉంది. అది లింగసుగూరు తాలూకాలోని ముద్గల్. విజయనగర రాజులు, బహమనీలు, ఆదిల్‌షాహీలు ఈ కోట కోసం తరాల తరబడి పోరాడారు. నేడు ఆ ఊరికి పేరు తెచ్చినది యుద్ధం కాదు, పీర్ల పండుగ. మొహర్రం పదిరోజులలో కర్ణాటక నుండే కాక ఆంధ్ర, తెలంగాణ, మహారాష్ట్రల నుండి కూడా జనం అక్కడికి వస్తారు. వచ్చేవారిలో హిందువులు ఎందరో ఉంటారు.

మొహర్రం మూలంలో ఒక మరణం ఉంది. క్రీస్తుశకం 680లో ఇరాక్ దేశంలోని కర్బలా మైదానంలో మహమ్మదు ప్రవక్త మనుమడు హుసేన్‌ను, ఆయన కుటుంబంవారిని, అనుచరులను శత్రుసేన చుట్టుముట్టింది. యూఫ్రటీసు నది దగ్గరలోనే ఉన్నా వారికి నీరు అందనీయలేదు. మొహర్రం పదవ రోజున హుసేన్ నేలకొరిగాడు. ఆ దాహం జ్ఞాపకంగానే మొహర్రంలో దారిన పోయేవారికి మంచినీరు, షర్బతు పోస్తారు. షియా ముస్లింలు ఆ రోజులలో శోకం పాటిస్తారు. సున్నీలలో చాలామంది పదవ రోజున ఉపవాసముంటారు. దక్కను పల్లెలలో మాత్రం ఇది పీర్ల పండుగ అయింది. ముస్లింల ఇల్లు ఒక్కటి కూడా లేని ఊళ్లలో సైతం పీర్లను నిలబెడతారు.

పీరు అంటే చేతి ఆకారంలో ఉండే లోహపు గుర్తు. దానికి పట్టు దట్టీలు చుట్టి, పీర్ల చావిడిలో నిలబెట్టి, ఊదు వేస్తారు. చావిడి ముందు గుంట తవ్వి నిప్పు రాజేస్తారు. దానిని అలాయి గుంట అంటారు. రాత్రిపూట మగవారు ఆ గుంట చుట్టూ అడుగులు వేస్తూ హసన్, హుసేన్‌ల కథను పాడతారు. కన్నడంలో ఆ పాటలను రివాయతు పదాలు అంటారు. పాటలో ఏడుపు ఉంటుంది, అడుగులో ఆట ఉంటుంది. రెండూ ఒకేసారి ఎలా సాధ్యమని కొత్తగా చూసినవారు ఆశ్చర్యపోతారు. చూస్తూ చూస్తూ ఉంటే ఆ ఆశ్చర్యం పోతుంది. ఇంట్లో ఒంటరిగా మోయలేని బరువును పదిమంది కలిసి పాదాలతో మోస్తున్నట్లు ఉంటుంది.

తొమ్మిదవ రాత్రికి ఒక పేరుంది. ఉర్దూలో 'ఖతల్' అంటే వధ. ఖతల్ రాత్రి అంటే వధ జరగబోయే రాత్రి. ఈ మాట కన్నడిగుల నోట 'కత్తల రాత్రి' అయింది. కన్నడంలో కత్తలు అంటే చీకటి. అర్థం తెలియక మార్చారని పండితులు అనవచ్చు. కాని చావు ఎదురుగా ఉన్న రాత్రిని చీకటి రాత్రి అనడంలో తప్పు ఏముంది? ఆ రాత్రి తెల్లవార్లూ ఊరు మేలుకొని ఉంటుంది. పదవ రోజున పీర్లను ఊరేగించి, ఊరిబయట నీటికి తీసుకుపోయి, ఆ ఏటికి సాగనంపుతారు. తిరిగి వచ్చేటప్పుడు డప్పు మోగదు.

మొహర్రం చాంద్రమాన పండుగ కనుక ఏటేటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఒక ఏడు ఎండలో, కొన్నేళ్లకు వానలో, మరికొన్నేళ్లకు చలిలో వస్తుంది. దుఃఖం కూడా అంతే, ఏ ఋతువులో వస్తుందో ముందుగా చెప్పలేము.

2009లో ఈ జిల్లాకు అది సరిగ్గా పండుగల నడుమ వచ్చింది. ఆ ఏడు విజయదశమి సెప్టెంబరు 28న. దసరా వెళ్లీ వెళ్లకముందే ఉత్తర కర్ణాటకలో ఎన్నడూ లేనంత వాన పట్టుకొంది. కృష్ణా తుంగభద్రలు రెండూ పొంగాయి. అక్టోబరు 2 నాటికి నది అవతలి ఒడ్డున మంత్రాలయం మునిగింది, కర్నూలు నగరం మునిగింది. కర్ణాటకలో రెండు వందల మందికి పైగా మరణించారు. ఎక్కువగా దెబ్బతిన్న జిల్లాలలో రాయచూరు ఒకటి. రోజుల తరబడి నానిన మట్టి మిద్దెలు కూలిపోయాయి. జనం బడులలో, గంజి కేంద్రాలలో తల దాచుకొన్నారు. అక్టోబరు 17న దీపావళి.

ఇల్లు కూలినవారి దుఃఖం విచిత్రమైనది. మనిషి పోతే ఫోటో ఉంటుంది, వాడిన వస్తువులు ఉంటాయి. మిద్దెతోపాటు ఫోటో కూడా మట్టిలో కలిసినప్పుడు, ఎన్నడో పోయిన తాత రెండవసారి పోయినట్లు అవుతుంది. ఎద్దు కొట్టుకుపోయిన రైతుకు ఆ దుఃఖం చెప్పుకోవడానికి సూతకం కూడా లేదు. ఎద్దు చనిపోతే పండుగ మానాలని ఏ శాస్త్రమూ చెప్పలేదు. కాని కార హుణ్ణిమె నాడు రంగు పూసిన కొమ్ములు ఆ రైతుకు జ్ఞాపకం రాకుండా ఉండవు. తరువాత ప్రభుత్వం 'ఆసరె' అనే పథకం కింద, దాతల సాయంతో, మెరక నేలలలో కొత్త ఇళ్లు కట్టించింది. ఇల్లు కొత్త చోటికి వచ్చినా గుడి, చావిడి, పెద్దల సమాధులు పాత ఊరిలోనే ఉంటాయి. పండుగ నాడు కాళ్లు అటే లాగుతాయి.

2020లో మరొక రకం కష్టం వచ్చింది. ఆ ఏడు ఉగాది మార్చి 25న. కరోనా వ్యాధి కారణంగా దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనది ఆ రోజే. ఆ వ్యాధితో పోయినవారిని ఎందరో చివరిచూపు కూడా చూడలేకపోయారు. పలకరింపుకు వచ్చేవారు లేరు, గిన్నె పట్టుకొని గడప తొక్కేవారు లేరు. పల్లెలు తరతరాలుగా చేసుకొన్న ఏర్పాటు ఎంత విలువైనదో అది ఆగిపోయినప్పుడు తెలిసింది.

అలాగని పాత ఆచారాలన్నీ మంచివే అనుకోకూడదు. దుఃఖంలో ఉన్నవారిని కాపాడే ఆచారాలు ఉన్నట్లే, వారిని మరింత నొప్పించేవీ ఉన్నాయి. భర్త పోయిన స్త్రీ గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం, ఆపైన పేరంటాలకు, శుభకార్యాలకు ఆమెను పిలవకపోవడం అలాంటివి. మిగిలినవారికి ఏడాదితో తీరే సూతకం ఆమెకు మాత్రం జీవితాంతం తీరదు. భార్య పోయిన పురుషుడికి ఈ నియమాలు లేవన్న సంగతి గమనించదగినది. ఈ అన్యాయం మీద కందుకూరి వీరేశలింగం పంతులు పోరాడారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు. నూట నలభై ఏళ్ల తరువాత, 2022 మే నెలలో మహారాష్ట్రలోని కొల్హాపురం జిల్లా హేర్వాడ్ గ్రామ పంచాయతీ గాజులు పగలగొట్టే ఆచారాన్ని, బొట్టు చెరిపే ఆచారాన్ని మానాలని తీర్మానం చేసింది. ఒక చిన్న ఊరు చేసిన ఆ తీర్మానం దేశమంతా వార్త అయింది.

దుఃఖం గురించి శాస్త్రజ్ఞులు కూడా ఆలోచించారు. 1969లో ఎలిజబెత్ కూబ్లర్ రాస్ అనే వైద్యురాలు, మరణానికి దగ్గరైన రోగులతో మాట్లాడి, వారి మనసు ఐదు దశలు దాటుతుందని రాసింది. తరువాతివారు ఆ ఐదింటిని దుఃఖించే ప్రతివారికీ వర్తింపజేసి, మెట్ల వలె ఒకదాని తరువాత ఒకటి ఎక్కాలన్నట్లు చెప్పసాగారు. అది సరికాదు. దుఃఖానికి వరుస ఉండదు. పోయినవారిని మరచిపోతేనే మనసు కుదుటపడుతుందని కూడా చాలాకాలం అనుకొన్నారు. 1996లో డెన్నిస్ క్లాస్ మొదలైన పండితులు ఈ అభిప్రాయాన్ని కాదన్నారు. పోయినవారితో మనసులో బంధం నిలుపుకోవడం రోగం కాదని, అది మామూలు సంగతే అని వారు చూపించారు. జపానులోని పితృపూజలను కూడా వారు పరిశీలించారు. పెద్దల అమావాస్య నాడు బియ్యం ఇచ్చే అవ్వకు ఈ మాట కొత్తగా తోచదు.

అయితే నెలలు గడిచినా అన్నం సహించక, నిద్ర పట్టక, బడికో పనికో పోలేక, బతకడమే వద్దనిపించే స్థితి వస్తే ఇరుగుపొరుగుల ఓదార్పు చాలదు. అప్పుడు ఇంట్లో పెద్దవారికో ఉపాధ్యాయునికో చెప్పి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. 2022లో కేంద్రప్రభుత్వం టెలి మానస్ అనే ఫోను సేవ ప్రారంభించింది. దాని నంబరు 14416. డబ్బు కట్టనక్కరలేదు. రాత్రీ పగలూ పనిచేస్తుంది. తెలుగులోనూ కన్నడంలోనూ మాట్లాడవచ్చు. జ్వరానికి మందు అడగడంలో సిగ్గు లేనట్లే దీనిలోనూ సిగ్గు లేదు.

ఇక మొదట చెప్పుకొన్న ఇంటికి వద్దాం. ఉగాది మరునాడు ప్రశ్న అడిగిన పిల్లకు సాయంత్రం తన తల్లి ద్వారా సంగతి తెలిసింది. ఆమెకు ఏం చెప్పాలో తోచలేదు. "ఏడవకు" అందామనుకొంది, అది బాగాలేదనిపించింది. "అంతా దేవుడి దయ" అని పెద్దలు అనే మాట ఆమె నోటికి రాలేదు. మరునాడు బడికి వచ్చి, ఎప్పటిలాగే పక్కన కూర్చొని, "మీ నాయన మనల్ని బండిమీద సంతకు తీసుకపోయాడు, గుర్తుందా? మిరపకాయ బజ్జీలు కొనిచ్చాడు" అంది. ఈ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నీకు కారమై నా నీళ్లన్నీ తాగేసినావు" అంది.

వినాయక చవితి, పెద్దల అమావాస్య, దసరా, దీపావళి, సంక్రాంతి గడిచాయి. తొలి రెండింటికీ తల్లి గడప దాటలేదు. పెద్దల అమావాస్య నాడు అవ్వ, తల్లి కలిసి తండ్రి పేరిట బియ్యం ఇచ్చారు. దీపావళికి తమ్ముడు మారాం చేస్తే ఒక్క ప్రమిద మాత్రం వెలిగించారు. సంవత్సరీకం అయింది. మళ్లీ ఉగాది వచ్చింది. ముందురోజే మేనమామ బట్టలు పట్టుకొని వచ్చాడు. చెల్లెలు వద్దంటున్నా వినక, సన్నపూల చీర, రవిక చేతిలో పెట్టాడు. తెల్లవారి తల్లి శనగబేడలు ఉడకబెట్టింది. మామిడాకులు తేవడానికి ఎవరు పోవాలన్న మాట వచ్చినప్పుడు ఇంట్లో కాసేపు ఎవరూ పలకలేదు. తొమ్మిదేళ్ల తమ్ముడు లేచి, నాయన చెప్పులు కాళ్లకు తగిలించుకొని, ఈడ్చుకొంటూ బయలుదేరాడు. అక్కకు నవ్వు వచ్చింది. నవ్వుతూనే ఏడ్చింది. ఊరుకోమని ఎవరూ అనలేదు. తొలి బక్షాన్ని అవ్వ ఫోటో ముందు పెట్టింది, పూర్ణం ఎక్కువ ఉన్నదాన్ని చూసి.

అభ్యాసం

1. ఏటిసూతకాన్ని 'సెలవు వంటిది' అని ఎందుకన్నారు? మీరు దీనితో ఏకీభవిస్తారా?
2. మహాలయ అమావాస్యకు, దసరాకు పంచాంగంలో ఉన్న సంబంధమేమి?
3. 'ఖతల్ రాత్రి', 'కత్తల రాత్రి' అయిన విధాన్ని వివరించండి. మీ ఊరిలో ఇలా ఒక భాష నుండి మరొక భాషకు వచ్చి అర్థం మారిన మాటలను రెండింటిని సేకరించండి.
4. బజ్జీల సంగతి గుర్తుచేసిన పిల్ల మాటలకు, "ఏడవకు" అనే మాటకు గల తేడాను మీ సొంతమాటలలో రాయండి.
5. మీ ఇంటిలోని అవ్వనో తాతనో అడిగి, వారి చిన్నతనంలో పండుగ లేని ఏడు ఎలా గడిచిందో పది వాక్యాలలో రాయండి. వారు చెప్పడానికి ఇష్టపడకపోతే అడగడం మానండి.